కరెంటు తాగే స్పీకర్లకు సెకండ్ హ్యాండ్ యాంప్ ఎలా ఎంచుకోవాలి

ఇంట్లో పెద్ద స్పీకర్లు ఉన్నాయి. నెమ్మదిగా పెట్టుకుంటే బాగానే ఉంటాయి. వాల్యూమ్ పెంచితే మాత్రం మృదంగం దెబ్బ మెత్తబడిపోతుంది, వయొలిన్ గరగరలాడుతుంది, కాసేపటికే చెవులు అలసిపోతాయి. ఇలాంటప్పుడు చాలామంది స్పీకర్లు బాగాలేవని అమ్మకానికి పెట్టేస్తారు. అంతకన్నా ముందు యాంప్లిఫైయర్‌ను (పాటకు బలమిచ్చి స్పీకర్లకు పంపే పెట్టె, పొట్టిగా యాంప్) అనుమానించండి. కొన్ని స్పీకర్లు మామూలు యాంప్ ఇవ్వగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటు అడుగుతాయి. అది అందకపోతే అవి ఎంత ఖరీదైనవైనా ఇలాగే పలుకుతాయి.

అలాంటి స్పీకర్లను నడిపే బలమైన యాంప్ కొత్తది కొనాలంటే లక్ష దాటడం మామూలే. సెకండ్ హ్యాండ్‌లో చాలా తక్కువకు దొరుకుతుంది. భయపడాల్సిన పని కూడా లేదు, ఎందుకంటే యాంప్ తయారీలో డబ్బంతా ట్రాన్స్‌ఫార్మర్‌కి, హీట్ సింక్‌కి (వేడిని బయటికి లాగే లోహపు రెక్కలు), క్యాబినెట్‌కి పోతుంది, అవి 30 ఏళ్లయినా అరగవు. అరిగేవి కెపాసిటర్లు (కరెంటు నిల్వ చేసే డబ్బాలు), రిలేలు (స్పీకర్లను కలిపే, విడదీసే స్విచ్‌లు), వాల్యూమ్ కంట్రోల్. వీటిని చేయి తిరిగిన మెకానిక్ ఎవరైనా మార్చగలడు. కాబట్టి పాత యాంప్ కొనేటప్పుడు మీరు తేల్చుకోవాల్సింది రెండే: అది మీ స్పీకర్లకు సరిపోతుందా, అందులో పాడైనది బాగుచేయగలిగేదేనా.

ముందు స్పీకర్ వెనక చూడండి

యాంప్ గురించి ఆలోచించకముందే స్పీకర్ వెనక ఉన్న ప్లేట్ మీద, లేదా దాని మాన్యువల్‌లో రెండు అంకెలు వెతకండి.

మొదటిది సెన్సిటివిటీ. ఒక వాట్ ఇస్తే ఒక మీటర్ దూరంలో ఎన్ని డెసిబెల్స్ శబ్దం వస్తుందో ఇది చెబుతుంది. 90, ఆపైన ఉంటే స్పీకర్ తేలిగ్గా నడుస్తుంది. 86 అంటే మధ్యస్థం. 83, 84 అంటే దానికి గట్టి యాంప్ కావాల్సిందే.

రెండోది ఇంపీడెన్స్, ఓమ్స్‌లో ఉంటుంది. ఇది ఎంత తక్కువైతే స్పీకర్ అంత ఎక్కువ కరెంటు లాగుతుంది. ప్లేట్ మీద 8 అని రాసి ఉన్నంత మాత్రాన అన్ని స్వరాల దగ్గరా 8 ఉండదు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కనిష్ఠం రాసిన దానిలో 80 శాతానికి తగ్గకూడదు, అంటే 8 అని రాస్తే 6.4, 4 అని రాస్తే 3.2. కానీ ఈ పద్ధతి పాటించని కంపెనీలు చాలానే ఉన్నాయి. మీ మోడల్‌కి ఇంపీడెన్స్ గ్రాఫ్ దొరికితే 60 నుంచి 200 హెర్ట్జ్ మధ్య గీత ఎంత కిందికి దిగిందో చూడండి. పాటలో బరువంతా ఉండేది అక్కడే. అక్కడ 3 ఓమ్స్‌కి దిగితే అది కరెంటు తాగే స్పీకరే.

ఇక్కడే ఒక చిక్కుంది. కంపెనీలు సెన్సిటివిటీని తరచుగా "2.83 వోల్ట్స్‌కి" అని ఇస్తాయి. 8 ఓమ్స్ స్పీకర్‌కి 2.83 వోల్ట్స్ అంటే సరిగ్గా ఒక వాట్. 4 ఓమ్స్ స్పీకర్‌కి అదే వోల్టేజ్ ఇస్తే రెండు వాట్స్ పోతాయి. కాబట్టి 4 ఓమ్స్ స్పీకర్ మీద 86 అని ఇలా రాసి ఉంటే, దాన్ని 83గా లెక్కేసుకోండి.

మీ గదికి ఎంత పవర్ కావాలి

పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి అది కొద్ది తేడాగానే తెలుస్తుంది. శబ్దం రెండింతలైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి పది రెట్లు పవర్ కావాలి. అందుకే 60 వాట్స్ యాంప్ అమ్మేసి 80 వాట్స్‌ది కొంటే మీకు వినిపించే మార్పు దాదాపు ఉండదు. ఆ తేడాకు డబ్బు పెట్టకండి.

ఒక ఉదాహరణ చేసి చూద్దాం. 86 డెసిబెల్స్ స్పీకర్లు రెండు, మీరు కూర్చునేది పదడుగుల దూరంలో. దూరం వల్ల తగ్గేది, రెండో స్పీకర్ వల్ల, గోడల వల్ల కలిసొచ్చేది అన్నీ కలిపితే, ఒక్కో స్పీకర్‌కి ఒక వాట్ ఇచ్చినప్పుడు మీ కుర్చీ దగ్గర సుమారు 82 డెసిబెల్స్ వస్తాయి. మామూలుగా గట్టిగా వినడానికి అదే చాలు. కానీ డప్పు దెబ్బ, తాళం, మేళంలో ఒక్కసారిగా లేచే స్వరం సగటు కన్నా 15 నుంచి 20 డెసిబెల్స్ పైకి పోతాయి. ఆ క్షణానికి 100 డెసిబెల్స్ కావాలంటే సుమారు 63 వాట్స్ కావాలి. అదే స్పీకర్ 83 డెసిబెల్స్‌ది అయితే 125 దాటుతుంది. అంతా ఆ ఒక్క క్షణం కోసమే. అది అందనప్పుడు యాంప్ తరంగం తలను కోసేస్తుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. బలహీనమైన యాంప్‌ను ఎక్కువ వాల్యూమ్‌లో క్లిప్పింగ్‌లో నడిపితే ట్వీటర్లు (సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్లు) కాలిపోతాయి. పెద్ద యాంప్‌ను అదుపులో వాడేవాళ్ల కన్నా చిన్న యాంప్‌ను చివరిదాకా తిప్పేవాళ్లే ఎక్కువ ట్వీటర్లు పోగొట్టుకుంటారు.

మన ఇళ్ల గురించి ఒక మాట. కింద కడప బండలు, లేదా బేతంచెర్ల బండలు, లేదా టైల్స్, పైన స్లాబు, చుట్టూ ఖాళీ గోడలు. శబ్దం అటూ ఇటూ కొట్టుకుని పాటలో మాట స్పష్టంగా వినిపించదు, దాంతో ఇంకా వాల్యూమ్ పెంచుతాం. స్పీకర్లకూ మీకూ మధ్య ఒక మందపాటి జంపఖానా, కిటికీలకు బరువైన పరదాలు వేసి ఒకసారి వినండి. యాంప్ మీద పెట్టబోయే ఖర్చు కొంత ఇక్కడే తగ్గిపోవచ్చు.

వాట్స్ అంకెను ఎలా చదవాలి

పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ పవర్ అని చెప్పుకునేది) అని రాసి ఉన్న అంకెను పూర్తిగా వదిలేయండి. ముందు 5000 వాట్స్ అని రాసి, వెనక కరెంటు వినియోగం 80 వాట్స్ అని ఉన్న సెట్లు మన ఊళ్లలో ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. గోడ నుంచి 80 తీసుకునేది స్పీకర్‌కి 5000 ఇవ్వలేదు.

ఆర్ఎంఎస్ (నిలకడగా ఇచ్చే పవర్) అని ఉన్నా షరతులు చదవాలి. నమ్మదగిన అంకె ఇలా ఉంటుంది: 8 ఓమ్స్, రెండు ఛానెళ్లు (కుడి, ఎడమ) ఒకేసారి, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు, డిస్టార్షన్ (శబ్దం చెడే పాళ్లు) 0.1 శాతం లోపు. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే ఇలాంటి షరతులతో పవర్ చెప్పాలని నిబంధన పెట్టింది. అందుకే ఆ తర్వాత అక్కడి మార్కెట్‌కి వచ్చిన స్టీరియో యాంప్‌ల అంకెలను చాలావరకు నమ్మవచ్చు. ఇటీవలి హోమ్ థియేటర్ రిసీవర్ల డబ్బా మీద "6 ఓమ్స్, 1 కిలోహెర్ట్జ్, ఒక ఛానెల్, 10 శాతం డిస్టార్షన్" అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అలాంటి 150 వాట్స్ అసలు షరతుల్లో సగానికి పడిపోవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యంగా 8 ఓమ్స్ అంకె పక్కన 4 ఓమ్స్ అంకె ఉందేమో చూడండి. 8 ఓమ్స్‌లో 100 వాట్స్ ఇవ్వాలంటే యాంప్ సుమారు 3.5 ఆంపియర్లు పంపాలి. అదే వోల్టేజ్ 4 ఓమ్స్‌లో నిలబెట్టాలంటే 7 ఆంపియర్లు కావాలి. బోరు మోటార్ స్టార్ట్ చేయగానే ఇంట్లో లైట్లు మసకబారినట్టు, ట్రాన్స్‌ఫార్మర్ చిన్నదైతే లోపలి వోల్టేజ్ ఆ క్షణంలో కుంగిపోతుంది. కుంగకుండా నిలబడే యాంప్ 4 ఓమ్స్‌లో రెట్టింపు పవర్‌కి దగ్గరగా వస్తుంది. కేంబ్రిడ్జ్ ఆడియో 851ఎ మోడల్‌కి కంపెనీ ఇచ్చిన అంకెలు 8 ఓమ్స్‌లో 120, 4 ఓమ్స్‌లో 200. యమహా ఎ-ఎస్1000కి 90, 150. మరాంట్జ్ పీఎం8005కి 70, 100. మూడూ మంచివే. కానీ 3 ఓమ్స్‌కి దిగే స్పీకర్ ఉంటే నేను మొదటి రెండింటి వైపే వెళ్తాను. 4 ఓమ్స్ అంకె అసలు ఇవ్వని యాంప్‌ను, లేదా "6 నుంచి 16 ఓమ్స్ స్పీకర్లకే" అని వెనక రాసి ఉన్నదాన్ని ఇలాంటి స్పీకర్ల కోసం కొనకండి.

అంకె ఒక్కటే చూసినా పొరపాటే. 1978లో వచ్చిన నాడ్ 3020 కాగితం మీద 20 వాట్సే. అయినా తక్కువ ఇంపీడెన్స్ స్పీకర్లను తనకన్నా పెద్ద యాంప్‌ల కన్నా బాగా నడిపిందని పేరు తెచ్చుకుంది.

మీరు చేతులారా చేసుకోగలిగిన పరీక్ష ఇంకొకటుంది: ఎత్తి చూడడం. ఛానెల్‌కి 100 వాట్స్ నిజంగా ఇచ్చే పాతకాలపు యాంప్ సాధారణంగా పన్నెండు పదిహేను కిలోలకు తగ్గదు. ఏడు కిలోలుంటే అనుమానించండి. స్విచింగ్ పద్ధతిలో పనిచేసే క్లాస్ డి యాంప్‌లకు మాత్రం ఈ లెక్క వర్తించదు, అవి తేలికగానే ఉంటాయి. పాత క్లాస్ డి యాంప్ పాడైతే మన ఊళ్లో బాగుచేయించడం కష్టం, బోర్డు మొత్తం మార్చాల్సి వస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో క్లాస్ ఎబీ (బరువైన పాత పద్ధతి) యాంపే నయమని నా అభిప్రాయం.

ఎక్కడ వెతకాలి, ఏ రకం తీసుకోవాలి

కర్నూలు నుంచి హైదరాబాద్, అనంతపురం నుంచి బెంగళూరు, రెండూ 44వ జాతీయ రహదారి మీద 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం. పొద్దున వెళ్లి రాత్రికి రావచ్చు. కడప వాళ్లకు రైల్లో చెన్నై ఉంది. మంచి హైఫై యాంప్‌లు అమ్మేవాళ్లు ఎక్కువగా ఈ మూడు నగరాల్లోనే ఉంటారు. విడిభాగాలకు కోఠి గుజరాతీ గల్లీ, బెంగళూరు ఎస్పీ రోడ్, చెన్నై రిచీ స్ట్రీట్ ఎలాగూ ఉన్నాయి. నా సలహా ఒకటే: చూడకుండా, వినకుండా ఆన్‌లైన్‌లో డబ్బు వేయవద్దు. అమ్మేవాళ్లు "అన్నా, ఇంకో పార్టీ కాచుకున్నారు, అడ్వాన్స్ పంపు" అంటే అది వదులుకోవడమే మంచిది. ఇలాంటి యాంప్‌లు మళ్లీ వస్తాయి.

మీ దగ్గర ఇప్పటికే హోమ్ థియేటర్ రిసీవర్ ఉండి, దాని వెనక ప్రీ-అవుట్ సాకెట్లు (వేరే యాంప్‌కి సిగ్నల్ పంపేవి) ఉంటే మొత్తం మార్చనక్కర్లేదు. రెండు ఛానెళ్ల పవర్ యాంప్ ఒక్కటి తెచ్చి కలపండి. తక్కువ ఖర్చులో ఎక్కువ బలం వచ్చే దారి ఇదే.

మన దగ్గర సులువుగా దొరికేవి సౌండ్ సర్వీస్ వాళ్లు వదిలించుకునే పవర్ యాంప్‌లు. పెళ్లిళ్లకు, జాతరలకు తిరిగినవి. వాటిలో బలం నిజంగానే ఉంటుంది, ధర కూడా తక్కువే. కానీ ఫ్యాన్ మోత నిశ్శబ్దమైన గదిలో తెలిసిపోతుంది, లోపల గంపెడు దుమ్ము ఉంటుంది, ఎన్నో రాత్రులు 2 ఓమ్స్ లోడ్ మీద మాడి ఉంటాయి. చాలాసార్లు రిపేర్ అయిన సంగతి మీకు ఎవరూ చెప్పరు. లోపల చూసి, ఫ్యాన్ శబ్దం విని, అప్పుడే తీసుకోండి. గుడి మైక్‌సెట్‌కి వాడే 100 వోల్ట్ లైన్ యాంప్‌లు మాత్రం ఇంటి స్పీకర్లకు అసలు వద్దు. అవి హారన్ల కోసం, మాట కోసం చేసినవి.

కొన్ని యాంప్‌లను "బ్రిడ్జ్ చేస్తే (రెండు ఛానెళ్లను ఒక్కటిగా కలిపితే) 400 వాట్స్" అని అమ్ముతారు. బ్రిడ్జ్ చేస్తే ఒక్కో ఛానెల్‌కి మీ స్పీకర్ ఇంపీడెన్స్‌లో సగమే కనిపిస్తుంది. 4 ఓమ్స్ స్పీకర్ 2 ఓమ్స్ అయినట్టు. కరెంటు తాగే స్పీకర్లతో ఆ పని చేయకండి.

వెనక వోల్టేజ్ చదవండి

గల్ఫ్ నుంచో అమెరికా నుంచో వచ్చినవాళ్లు తెచ్చిన సెట్లు రాయలసీమలో బాగానే తిరుగుతుంటాయి. వెనక ప్లేట్ మీద 220 నుంచి 240 వోల్ట్స్ అని ఉంటే సరే. 120 అని ఉంటే అమెరికాది, 100 అని ఉంటే జపాన్‌ది. మన 230కి నేరుగా పెడితే క్షణంలో పోతుంది. జపాన్ సెట్‌ను 110 ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్‌కి పెట్టినా లోపల అన్నీ అవసరానికి మించి వేడెక్కుతాయి, దానికి 100 వోల్ట్స్ ఇచ్చేదే కావాలి. 60 హెర్ట్జ్ మాత్రమే అని రాసి ఉన్నది మన 50 హెర్ట్జ్ మీద గుంయ్‌మంటూ వేడెక్కుతుంది. పెద్ద యాంప్‌కి కనీసం 1000 వీఏ స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. దాని ధర కూడా కలుపుకుని బేరమాడండి.

అక్కడికక్కడే పరీక్ష

వెళ్లేటప్పుడు డిజిటల్ మల్టీమీటర్, టార్చ్, స్క్రూడ్రైవర్, పోయినా ఫర్వాలేదనుకునే ఒక జత చిన్న స్పీకర్లు, మీకు బాగా తెలిసిన పాటలు వెంట ఉండాలి.

ప్లగ్ పెట్టకముందే మూత తీయమనండి. ప్లగ్ తీసినా పెద్ద కెపాసిటర్లలో చాలాసేపు వోల్టేజ్ ఉంటుంది కాబట్టి లోపల చేయి పెట్టొద్దు, టార్చ్‌తో చూడండి చాలు. పెద్ద కెపాసిటర్ల తల ఉబ్బిందా, కింద జిగురులా కారిందా? బోర్డు ఎక్కడైనా నల్లబడిందా? చీమల గూళ్లు, బల్లి గుడ్లు మన దగ్గర మామూలే, శుభ్రం చేసుకోవచ్చు. ఫ్యూజ్ స్థానంలో రాగి తీగ చుట్టి ఉంటే మాత్రం మూత మూసేసి వచ్చేయండి. ఆ మనిషి మిగతా రిపేరు కూడా అలాగే చేసి ఉంటాడు.

తర్వాత హీట్ సింక్‌కి బిగించిన అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు చూడండి. రెండు ఛానెళ్లలోనూ ఒకే నంబర్లు, ఒకే రకం ముద్ర ఉండాలి. ఒక పక్క మాత్రమే కొత్తగా మెరుస్తుంటే ఆ ఛానెల్ ఒకసారి పేలిందని అర్థం. మార్చినవి అసలువేనా అని అడగండి. తోషిబా సి5200, ఎ1943 జతకు మన మార్కెట్‌లో నకిలీలు విపరీతంగా ఉన్నాయి, చూడ్డానికి అచ్చం అలాగే ఉంటాయి, భారం పడగానే కాలిపోతాయి. ట్రాన్సిస్టర్లకు బదులు ఎస్‌టీకే ఐసీ (అవుట్‌పుట్ భాగమంతా ఒకే ముక్కలో ఉండే చిప్) ఉంటే ఇంకా జాగ్రత్త. శాన్యో చేసిన ఆ పాత ఐసీలు ఇప్పుడు తయారు కావడం లేదు, దొరికేవాటిలో నకిలీలే ఎక్కువ. కరెంటు తాగే స్పీకర్ల కోసమైతే ఎస్‌టీకే యాంప్‌లను పక్కన పెట్టేయండి.

ఏళ్ల తరబడి అటక మీద ఉన్న సెట్ అయితే నేరుగా ఆన్ చేయించకండి. ఏ టీవీ మెకానిక్ దగ్గరైనా సిరీస్ బల్బు బోర్డు (కరెంటు బల్బు గుండా వెళ్లి యాంప్‌కి చేరే ఏర్పాటు) ఉంటుంది. 100 వాట్స్ ఫిలమెంట్ బల్బు పెట్టి, స్పీకర్లు కలపకుండా ఆన్ చేయాలి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే మంచిదే. వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉంది. ఈ పరీక్షకు ఎల్ఈడీ బల్బు పనికిరాదు.

ఆన్ చేశాక కొన్ని సెకన్లకు "టక్" మని రిలే పడాలి. అది పడకపోతే ప్రొటెక్షన్‌లోకి (లోపం చూసి యాంప్ తనంతట తానే ఆగిపోవడం) వెళ్లినట్టు. "వేడెక్కితే సరిపోతుంది" అన్న మాట నమ్మకండి.

రిలే పడ్డాక చేయాల్సిన ముఖ్యమైన పరీక్ష ఇది. వాల్యూమ్ సున్నాలో పెట్టండి, స్పీకర్లు కలపొద్దు. మల్టీమీటర్‌ను డీసీ వోల్టేజ్‌లో చిన్న రేంజ్‌కి తిప్పి, ఒక ఛానెల్ ఎరుపు టెర్మినల్‌కి ఒక పిన్ను, అదే ఛానెల్ నలుపు టెర్మినల్‌కి ఇంకో పిన్ను పెట్టండి. 50 మిల్లీవోల్ట్స్ లోపు ఉంటే బాగున్నట్టే. 100 దాటితే రిపేర్ ఖర్చు లెక్కేసుకోండి. వోల్ట్స్‌లోనే కనిపిస్తే స్పీకర్ల జోలికి పోవద్దు, వూఫర్ (దెబ్బ పలికే పెద్ద స్పీకర్) కాయిల్ కాలిపోతుంది. రెండో ఛానెల్ కూడా చూసి, అరగంట వేడెక్కాక మళ్లీ రెండూ చూడండి. చల్లగా ఉన్నప్పుడు 20 చూపించి వేడెక్కాక 150కి పాకే యాంప్‌లు ఉంటాయి. అరగంట ఆగనివ్వని అమ్మకందారు దగ్గర కొనకండి.

ఇప్పుడు చిన్న స్పీకర్లు కలిపి పాట పెట్టండి. వాల్యూమ్ తిప్పుతుంటే గరగర వస్తే పెద్ద సమస్య కాదు, కాంటాక్ట్ క్లీనర్‌తో పోతుంది. ఒక ఛానెల్ వస్తూ పోతూ, వాల్యూమ్ పెంచితే మళ్లీ వస్తుంటే రిలే కాంటాక్టులు నల్లబడ్డాయి, రిలే మార్చాలి, అదీ చిన్న ఖర్చే. పాట ఆపి, స్పీకర్‌కి చెవి ఆనించి వినండి. సన్నని బుస మామూలే. గుంయ్ మనే హమ్మింగ్ గట్టిగా ఉంటే కెపాసిటర్లు ముసలివైనట్టు, రెండు పెద్ద కెపాసిటర్ల ధర, మజూరీ కలిపి తగ్గించమని అడగండి. చివరగా మూత మూసి, లోపల చేయి పెట్టకుండా, హీట్ సింక్‌లున్న రెండు వైపులా బయటి నుంచి చేత్తో తాకి చూడండి. వేడి రెండు పక్కలా ఒకేలా ఉండాలి. ఒకటి చల్లగా, ఒకటి కాలిపోతూ ఉంటే బయాస్ (పాట లేనప్పుడు కూడా ట్రాన్సిస్టర్లలో పారే కొద్ది కరెంటు) సరిగా లేదు.

వీలైతే మీ స్పీకర్లతో వినే ఏర్పాటు కూడా చేసుకోండి. అమ్మేవాళ్లది మీ ఊరే అయితే యాంప్‌ను మీ ఇంటికే తెమ్మని అడగడంలో తప్పు లేదు. మీరు రోజూ వినేదానికన్నా కాస్త ఎక్కువ వాల్యూమ్‌లో, డప్పులు బాగా ఉన్న పాట అరగంట నడపండి. దెబ్బ గట్టిగా, కురచగా పడాలి. ప్రొటెక్షన్ ఒక్కసారి కూడా పడకూడదు.

ఇంటికి తెచ్చాక

పార్సిల్‌లో వేయకుండా మీతోనే తెచ్చుకోండి. ట్రాన్స్‌ఫార్మర్ బరువుకి రోడ్డు కుదుపుల్లో బోర్డులు చీలిపోతాయి.

మన ఎండలు యాంప్‌కి పెద్ద శత్రువు. కెపాసిటర్ ఉన్నచోట 10 డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందని ఎలక్ట్రానిక్స్‌లో ఒక లెక్క. బయట 42 డిగ్రీలున్న ఏప్రిల్ మధ్యాహ్నం, తలుపులున్న టీవీ యూనిట్ లోపల యాంప్ పెడితే ఎంత వేడెక్కుతుందో ఊహించండి. పైన కనీసం ఆరంగుళాలు ఖాళీ వదలండి, మీద సెట్ టాప్ బాక్స్ పెట్టకండి, క్రోషియా గుడ్డ అసలే కప్పొద్దు. అనంతపురం వైపు దుమ్ము ఎక్కువ కాబట్టి ఏడాదికోసారి మూత తీయించి బ్లోయర్ కొట్టించండి.

త్రీ పిన్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ను తీసేయకండి. వేసవిలో నేల ఎండిపోయి ఎర్తింగ్ బలహీనపడుతుంది, ఎర్త్ గుంతలో నీళ్లు పోస్తూ ఉండండి. హమ్మింగ్ ఇంటికొచ్చాకే మొదలైతే ముందు డిష్ కేబుల్ పీకి చూడండి, చాలాసార్లు హమ్మింగ్ వచ్చే దారి అదే. వోల్టేజ్ పడిపోయే వీధిలో ఉంటే ఒక కేవీఏ స్టెబిలైజర్ పెట్టండి. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఈ యాంప్‌ను నడపొద్దు, సైన్ వేవ్ అయితే ఫర్వాలేదు.

నెల తిరిగాక స్పీకర్ వైర్లు తీసి, ఆ డీసీ కొలత ఇంకోసారి తీసుకోండి. కొన్న రోజు రాసుకున్న అంకెకు దగ్గరగా ఉంటే సరే. బాగా పెరిగి ఉంటే స్పీకర్లు మళ్లీ కలపకుండా మెకానిక్‌కి చూపించండి.